శుక్రకణాల లెక్క నుండి జన్యువు వరకు: మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో పురుష సంతానలేమి పరిశోధన

మేడ్చల్, శామీర్‌పేట అనగానే జీవశాస్త్ర పరిశోధకులకు 1999 నాటి జీనోమ్ వ్యాలీ, దానిచుట్టూ పెరిగిన టీకాల పరిశ్రమ స్ఫురిస్తాయి. అయితే 2016లో ఏర్పడిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనే, హబ్సిగూడలో ఉన్న సీసీఎంబీలో వీర్యంపై పరిశోధన అంతకు రెండు దశాబ్దాల ముందే ఆరంభమైంది. పిల్లలు కలగకపోతే స్త్రీని ‘గొడ్రాలు’ అని నిందించి, పురుషునికి మరో పెళ్లి తలపెట్టిన సమాజంలో ఈ పరిశోధన ప్రాధాన్యం ప్రయోగశాలకే పరిమితం కాదు.

శుక్రకణాలను లీవెన్‌హుక్ 1677లోనే సూక్ష్మదర్శినితో చూసినప్పటికీ, వాటి సంఖ్యను సంతాన సామర్థ్యానికి కొలమానంగా స్వీకరించింది 20వ శతాబ్దంలోనే. 1929లో మాకోంబర్, సాండర్స్ మిల్లీలీటరుకు 6 కోట్ల కణాలను కనీస ప్రమాణంగా సూచించారు. 1951లో మెక్లియోడ్ అధ్యయనం దానిని 2 కోట్లకు తగ్గించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో 1.5 కోట్లను, 2021లో 1.6 కోట్లను దిగువ పరిమితిగా పేర్కొన్నది. ఏడాదిలోపు భార్య గర్భం దాల్చిన పురుషులలో అత్యల్ప సంఖ్య గల 5 శాతాన్ని వేరుచేసే రేఖ ఇది. అందుచేత దీనికి దిగువన ఉన్నవారందరూ సంతానహీనులు కారు. ఎగువన ఉన్నవారందరికీ సంతానం కలుగుతుందన్న హామీ లేదు. కణాల చలనాన్ని, ఆకృతిని కూడా పరిగణించవలసిందే. పైగా లెక్క లోపాన్ని చూపగలదే గాని, దాని కారణాన్ని చెప్పలేదు.

1977లో పి.ఎం. భార్గవ సారథ్యంలో ఏర్పడిన సీసీఎంబీ ఈ రంగంలోకి పశువీర్యం ద్వారా ప్రవేశించింది. ఎద్దు వీర్యద్రవంలో సూక్ష్మజీవులను నిరోధించే ‘సెమినల్‌ప్లాస్మిన్’ అనే ప్రోటీన్ గురించి ఇ.ఎస్.పి. రెడ్డి, భార్గవ 1979లో ‘నేచర్’ పత్రికలో వెల్లడించారు. వీర్యద్రవ ప్రోటీన్లపై ఎస్. శివాజీ సహరచయితగా 1990లో ఒక గ్రంథం వెలువడింది.

అనంతరం దృష్టి మానవ జన్యువులపైకి మళ్లింది. వీర్యంలో శుక్రకణాలే కనిపించని 340 మంది భారతీయ పురుషులను కె. తంగరాజ్ బృందం పరిశీలించి, వారిలో 8.5 శాతం మందికి వై క్రోమోజోమ్‌లో కొన్ని భాగాలు లోపించినట్లు 2003లో ప్రకటించింది. ఈ లోపం తండ్రి నుండి సంక్రమించవచ్చు, కొత్తగానూ ఏర్పడవచ్చు. 2022లో సీసీఎంబీ తదితర సంస్థల పరిశోధకులు సీఈటీఎన్1 సహా ఎనిమిది జన్యువులలోని లోపాలకు పురుష సంతానలేమితో గల సంబంధాన్ని వెల్లడించారు. 2024లో వెలువడిన మరో పరిశోధన టీఈఎక్స్13బి జన్యువును గుర్తించింది. అది ఎక్స్ క్రోమోజోమ్‌పై ఉన్నందున కుమారునికి తల్లి నుండే సంక్రమిస్తుంది.

ఈ చివరి అంశాన్ని జాగ్రత్తగా అన్వయించుకోవాలి. లోపం తల్లి ద్వారా వచ్చిందన్న మాట పాత నిందను కొత్త భాషలో మళ్లీ స్త్రీపై మోపడానికి ఆధారం కారాదు. ఆమెకు రెండు ఎక్స్ క్రోమోజోములు ఉంటాయి. తనకు తెలియకుండానే వాటిలో ఒకటి కుమారునికి చేరుతుంది. వారసత్వం వేరు, అపరాధం వేరు. లెక్క నుండి జన్యువు వరకు సాగిన ఈ చరిత్ర సంతానలేమిలో పురుషుని పాత్రను ప్రయోగశాలలో నిరూపించింది. అయితే దంపతులలో మొదటి పరీక్ష ఎవరికి జరుగుతున్నదన్న ప్రశ్నకు సమాధానం నేటికీ కుటుంబాల చేతిలోనే ఉన్నది.