బిరడా మీద పడ్డ నింద

1960లలో యూరప్‌లో కొన్ని ఫారాల కోడిమాంసం, గుడ్లు ముక్కిపోయిన వాసన కొట్టసాగాయి. ఆరా తీస్తే సంగతి కోళ్ల కింద పరిచే చెక్కపొట్టు దగ్గర తేలింది. కలప పుచ్చకుండా వాడే క్లోరోఫినాల్ మందులు ఆ పొట్టులో మిగిలిపోయాయి. బూజుకు అవి విషం. ఆ విషాన్ని విరిచేయడానికి బూజు దానికి చిన్న మిథైల్ తోక తగిలించి క్లోరోఅనిసోల్‌గా మార్చేస్తుంది. బూజు బతికిపోతుంది, కంపు మనకు మిగులుతుంది.

వైన్ వాళ్లకు ఇలాంటి వాసన పాత పరిచయమే. తడిసిన అట్టపెట్టెలా కంపుకొట్టే సీసాను ‘కార్క్డ్’ అని పక్కన పెట్టేసేవారు. నింద బిరడా మీద వేశారు గానీ, అందులో ఏముందో తెలియదు. స్విట్జర్లాండ్‌లోని వేడెన్స్‌విల్ పరిశోధన కేంద్రంలో హన్స్ టానర్ బృందం 1980ల మొదట్లో దాన్ని పట్టుకుంది: 2,4,6-ట్రైక్లోరోఅనిసోల్, పొట్టిగా టీసీఏ. కోళ్ల ఫారంలో దొరికినదానికి దగ్గర చుట్టం. లీటరుకు 5 నానోగ్రాములుంటే చాలు, ముక్కు పసిగడుతుంది. ఆ లెక్కన ఒక్క గ్రాము 20 కోట్ల లీటర్లను పాడుచేస్తుంది. అంతకాలం దొరక్కపోవడంలో వింతేముంది?

తమాషా ఏమిటంటే, ఓక్ బెరడు నుంచి తీసిన బిరడాలు తెల్లగా ఉండాలని వాటిని క్లోరిన్ నీళ్లలో కడిగేవారు. శుభ్రం కోసం చేసిన పనే బూజుకు ముడిసరుకు అందించింది. తర్వాత హైడ్రోజన్ పెరాక్సైడ్‌కు మారారు. అయినా బెడద పూర్తిగా వదల్లేదు. నేలమాళిగల్లోని దూలాలు, చెక్క పీపాల నుంచి కూడా టీసీఏ వైన్‌లోకి చేరుతుందని తేలింది. అంటే కార్కు తగలని వైన్ కూడా ‘కార్క్డ్’ కావచ్చు! విసిగిపోయిన ఆస్ట్రేలియాలోని క్లేర్ వ్యాలీ రీస్లింగ్ వైన్ తయారీదారులు కొందరు 2000లో కూడబలుక్కుని మరమూతలకు మారారు.

2013లో జపాన్ శాస్త్రవేత్తలు మరో సంగతి బయటపెట్టారు. టీసీఏ తన వాసన చూపడమే కాదు, ముక్కులో వాసన పసిగట్టే కణాల పనినే అణిచేస్తుంది. నన్నడిగితే అసలు నష్టం ఇక్కడే. మోతాదు మరీ తక్కువైతే కంపు తెలియదు, పండ్ల పరిమళం మాత్రం మాయమవుతుంది. అలాంటి సీసాను ఎవరూ వెనక్కి పంపరు. ఈ వైన్ ఇంతేననుకుని, మళ్లీ దాని జోలికి పోరు.