ఆరు ఓట్ల అర్ధరాత్రి

2024 నవంబరు 4, సోమవారం. అర్ధరాత్రికి ఇంకొన్ని నిమిషాలే ఉంది. అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం ఉత్తరపు కొస. కెనడా సరిహద్దుకి దగ్గర్లో, కొండల మధ్య ఇరుకు కనుమలో ఉన్న ఊరు డిక్స్‌విల్ నాచ్. బయట చలి కోసేస్తోంది. లోపల ఒక హాల్లో కెమెరాల లైట్లు భగ్గుమంటున్నాయి. అధ్యక్ష ఎన్నికకి ఓటర్లు ఆరుగురు. వాళ్లని చూడ్డానికొచ్చిన విలేకరులే ఎక్కువ. ఎవరో అకార్డియన్ అందుకున్నారు. తిత్తి సాగింది. జాతీయగీతం మొదలైంది. అది ఆగిందంటే ఓట్లు పడటమే!

ఈ వేళకాని వేళలో ఓటింగ్ ఏంటి? జనాభా వందలోపు ఉన్న ఊళ్లకి ఆ రాష్ట్ర చట్టం ఇచ్చిన వెసులుబాటు అది. అర్ధరాత్రి పోలింగ్ తెరవొచ్చు. జాబితాలో ఉన్నవాళ్లంతా ఓటేశాక మూసేయొచ్చు, అప్పుడే లెక్కపెట్టొచ్చు. ‘అంతా’ అన్న మాట దగ్గరే ఉంది మెలిక. ఒక్కరు ముసుగుతన్ని పడుకున్నా పెట్టె తెరవడానికి లేదు.

అదే రాష్ట్రంలోని హార్ట్స్ లొకేషన్ అనే ఊళ్లో, పోలింగ్ మొదలయ్యే లోపే డ్యూటీకి పోవాల్సిన రైల్వే కార్మికుల కోసం 1948లో మొదలైన ఈ అర్ధరాత్రి ఓటు, 1960లో డిక్స్‌విల్ కొండెక్కి, బాల్సమ్స్ అనే పెద్ద హోటల్లో బస చేసి, నాలుగేళ్లకోసారి పత్రికలవాళ్లని వెంటేసుకుని, దేశం కళ్లు తెరిచేసరికి మొదటి ఫలితాన్ని చేతిలో పెట్టే తంతుగా స్థిరపడిపోయింది. హోటల్ యజమాని నీల్ టిలోట్సన్. పిల్లి తల ఆకారంలో రబ్బరు బెలూన్ చేసి వ్యాపారంలో నిలదొక్కుకున్న మనిషి. తొలి ఓటు ఆయనదే. 2000 ఎన్నికలప్పటికి ఆయనకి నూరేళ్లు దాటాయి. అయినా పన్నెండు కొట్టేసరికి పెట్టె దగ్గరికొచ్చాడు. మరుసటి ఏడాది కన్నుమూశాడు. 2011లో హోటల్ కూడా తలుపులు మూసేసింది. తంతు మాత్రం ఆగలేదు.

ఊరి మనసే అంతుపట్టేది కాదు. 1960లో రిపబ్లికన్ నిక్సన్‌కి 9, డెమోక్రాట్ కెనడీకి సున్నా. దేశం కెనడీని గెలిపించింది. 1968లో ఊరు తిరగబడింది. హంఫ్రీకి 8, నిక్సన్‌కి 4. దేశం నిక్సన్‌ని గెలిపించింది! ఆ తర్వాత డెమోక్రాట్లకి ఇక్కడ నలభై ఏళ్ల కరువు. అది 2008లో తీరింది. ఒబామాకి 15, మెకెయిన్‌కి 6. నాలుగేళ్లు తిరిగాయి. 2012లో పదిమంది ఓటేశారు. 43 సెకన్లలో లెక్క తేలింది. ఒబామాకి 5, రామ్నీకి 5. ఊరి చరిత్రలో అలాంటిది అదే మొదటిసారి. మళ్లీ అలా జరుగుతుందని ఎవరనుకుంటారు?

అకార్డియన్ ఆగింది. పన్నెండు కొట్టింది. అప్పటికి మన దగ్గర మంగళవారం పొద్దున పదిన్నర. బ్యాలెట్లు చేతుల్లోకొచ్చాయి. ఒక్కొక్కరే వెళ్లారు, మడిచారు, పెట్టెలో వేశారు. ఒకటి... మూడు... ఆరు. అంతే, పోలింగ్ అయిపోయింది. పెట్టె తెరిచారు.

ఈసారి లెక్క ముందే తెలిసినట్టుంది. ఆరుగురిలో నలుగురు రిపబ్లికన్లుగా నమోదైనవాళ్లు. ఇద్దరు ఏ పార్టీ పేరూ చెప్పనివాళ్లు. ఆ జనవరిలో, పార్టీ అభ్యర్థిని ఎంచుకునే రిపబ్లికన్ ప్రైమరీలో ఆరు ఓట్లూ నిక్కీ హేలీకే పడ్డాయి. ట్రంప్‌కి ఒక్కటీ రాలేదు. ఇప్పుడు బరిలో హేలీ లేదు. ఉన్నది రిపబ్లికన్ ట్రంప్, డెమోక్రాట్ హారిస్. మరి ఆ నలుగురు సొంత పార్టీ గూటికి చేరతారా?

కాగితాలు విప్పారు. లెక్కపెట్టారు.

ట్రంప్‌కి 3. హారిస్‌కి 3.

ఒక్కసారి లెక్కేసి చూడండి. పార్టీ లేని ఇద్దరూ హారిస్‌కే వేశారనుకున్నా ఇంకో ఓటు తక్కువ. అంటే రిపబ్లికన్లలో కనీసం ఒక్కరు గీత దాటారు. ఎవరు? పెట్టెకి తెలీదు. ఆరుగురే ఉన్న ఊళ్లో, అందరికీ అందరూ తెలిసిన గదిలో, కెమెరాల కళ్లెదుటే ఓటేసినా సరే, కాగితం మడిచాక అది ఎవరిదో చెప్పే దారి లేదు.

రెండ్రోజులు తిరక్కముందే అమెరికా ట్రంప్‌ని ఎన్నుకుంది. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం హారిస్ వైపు నిలిచింది. డిక్స్‌విల్ నాచ్ మాత్రం ఎటూ మొగ్గలేదు. కానీ అక్కడ ఓటున్నవాళ్లలో ఓటెయ్యకుండా ఇంట్లో కూర్చున్నవాళ్లు ఒక్కరూ లేరు.