రాజ్యపతనమునకు ముందటి హెచ్చరిక

యూదా రాజ్యము కూలుటకు ముందు యిర్మీయా ప్రవక్త పాలకుల అన్యాయమును ఖండించి, రాబోవు ముప్పును చాటెను. ఆయన పలుకులు వ్రాసిన చుట్టను యెహోయాకీము రాజు కోసి నిప్పులో వేసెను. ప్రవక్త లేఖకుడగు బారూకుచే దానిని మరల వ్రాయించెను. క్రీస్తుపూర్వము 586 ప్రాంతమున యెరూషలేము పడిపోయెను. ప్రజలు బాబిలోనుకు చెరగొనిపోబడిరి. అయినను ముట్టడి నడుమనే యిర్మీయా అనాతోతులో పొలము కొని, ఆ నేలపై కాపురములు మరల నిలుచునను ఆశను ప్రకటించెను.

హెచ్చరికయు ఆశయు జంటగా పలికినవారు మన సీమయందును గలరు. గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడునకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి గారు (1896-1953) 1926లో హైదరాబాదున గోలకొండ పత్రికను స్థాపించిరి. ప్రవక్తలు దైవము పేర పలికిరి. సురవరమువారు ప్రజల కష్టములనే సాక్ష్యముగా చూపిరి. తెలుగునకు పాఠశాలలలో చోటు లేకుండుట, సభలకు సైతము అనుమతి కావలసి యుండుట, పల్లెలలో వెట్టి - ఇవి రాజ్యమునకే చేటని వారి రచనల సారాంశము. 1930లో జోగిపేటలో జరిగిన ప్రథమ నిజామాంధ్ర మహాసభకు వారే అధ్యక్షులు. తెలంగాణమున కవులు లేరన్న నిందకు కోపముతో గాక గ్రంథముతో బదులు చెప్పిరి. 1934 నాటి గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులు వెలుగు చూచిరి.

రాజ్యము వినలేదు. 1947-48లో రజాకార్ల దౌర్జన్యమునకు వెరచి అనేక కుటుంబములు ఎల్లలు దాటి తలదాచుకొనెను. ఆ దౌర్జన్యమును నిరసించిన ఇమ్రోజ్ పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాను 1948 ఆగస్టులో హత్యకు గురియయ్యెను. సెప్టెంబరు 13న మొదలైన సైనికచర్య 17న నిజాము లొంగుబాటుతో ముగిసెను. అంతటితో దుఃఖము తీరలేదు. పిదప కొన్ని జిల్లాలలో నిరపరాధులగు ముస్లిములు వేలకొలది హతులైరి. పాలకుల పాపమును సామాన్యులు మోయుట యెరూషలేమునకే పరిమితము గాదు.

మరుసటి యేడు, 1949లో, ఆంధ్రుల సాంఘిక చరిత్ర వెలువడెను. రాజుల జయాపజయములకంటె ప్రజల తిండి, బట్ట, ఆటలు, నమ్మకములు అందు ప్రధానములు. కోటలు కూలినను జనజీవనము చరిత్రకు అర్హమని చాటిన ఆ గ్రంథమే సురవరమువారు కొన్న అనాతోతు పొలము. 1952లో వనపర్తి ప్రజలు వారిని శాసనసభకు పంపిరి. మరుసటి యేటనే వారు కీర్తిశేషులైరి. 1955లో ఆ గ్రంథమునకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను.

చుట్టను కాల్చిన రాజు పేరు నేడు ఆ చుట్టలోని మాటల వలననే పలువురకు తెలియును. గ్రామ గ్రంథాలయపు బీరువాలో నున్న పాత పుస్తకము విలువ ఇట్టిది. అది ఒకనాటి హెచ్చరిక. చదువువాడున్నచో మరునాటి ఆశ.