చిరపుంజి చూడాలంటే షిల్లాంగ్‌లో దిగాలి

వాన లేని రోజులు చూసుకుని చిరపుంజి వెళ్లడమంటే తిరునాళ్లు ముగిశాక రథం చూడబోవడమే. వాతావరణ శాఖలో వర్షమాపకాల లెక్కలు రాస్తూ ఉద్యోగం వెళ్లదీసినవాణ్ని కాబట్టి, చుట్టాల్లో ఎవరు మేఘాలయ ప్రయాణం కట్టినా నన్నే అడుగుతారు. బస షిల్లాంగ్‌లో పెట్టుకోండి, చిరపుంజికి పగటిపూట వెళ్లిరండి అంటాను. ఈ సలహా నాది కాదు, దొరలు తడిసి తడిసి నేర్చుకున్నది.

దొరలు ఆ కొండలెక్కింది బాట కోసం. 1820ల్లో కుంపిణీ ఏజెంటు డేవిడ్ స్కాట్ అస్సాం నుంచి సిల్హెట్‌కు ఖాసీ కొండల మీదుగా బాట వేయించబోయాడు. నొంగ్‌ఖ్లా రాజు తిరోత్ సింగ్ మొదట సరేనన్నాడు. దొరల ఎత్తు అర్థమయ్యాక 1829లో తిరగబడ్డాడు. ఏళ్ల తరబడి పోరాడి, పట్టుబడి, 1835లో ఢాకాలో బందీగా కన్నుమూశాడు. స్కాట్ అంతకుముందే, 1831లో, చిరపుంజిలో పోయాడు. ఆ బాటలో కొంత ముక్క మాఫ్లాంగ్ దగ్గర ఇప్పటికీ నడవచ్చు. దాన్ని డేవిడ్ స్కాట్ ట్రెయిల్ అంటారు. నన్నడిగితే తిరోత్ సింగ్ పేరు పెట్టాల్సింది.

చల్లని చోటని దొరలు చిరపుంజిలోనే కచేరీ పెట్టారు. చల్లదనానికి లోటు లేదు. కానీ 1860 ఆగస్టు నుంచి 1861 జులై దాకా అక్కడ కురిసిన వాన 26,461 మిల్లీమీటర్లు. ఒక్క 1861 జులైలోనే 9,300. మన వైపు ఏడాది మొత్తానికి వెయ్యి పడితే చెరువులు అలుగు పారతాయి. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే కచేరీ షిల్లాంగ్‌కు తరలింది. 1874లో షిల్లాంగ్ అస్సాం పాలనా కేంద్రమైంది, 1972లో మేఘాలయ రాజధాని.

రెండూళ్ల మధ్య దూరం యాభై కిలోమీటర్ల పైచిలుకే. బంగాళాఖాతం మేఘాలు సిల్హెట్ పల్లపు నేల మీదుగా అడ్డూ ఆపూ లేకుండా వచ్చి, గోడలా లేచిన కొండకు తగులుతాయి. లోయల్లో ఇరుక్కుని ఒక్కసారిగా పైకెక్కి చిరపుంజి మీదే దిమ్మరిస్తాయి. షిల్లాంగ్ ఆ కొండకు వెనక వైపున ఉంది కాబట్టి దానికి మిగిలినది దక్కుతుంది. ఇంకో సంగతి, చిరపుంజిలో జోరు వాన ఎక్కువగా రాత్రి, తెల్లవారుజామున పడుతుంది. పొద్దెక్కాక చేరితే జలపాతం కనబడే అవకాశం ఎక్కువ. నా ఓటు సెప్టెంబరు చివరికి. వాన తగ్గుతుంది, జలపాతాల్లో నీళ్లుంటాయి. చలికాలంలో అదే ఊళ్లో తాగునీటికి కటకట.

గొడుగు తీసుకెళ్లకండి, ఆ గాలికి నిలవదు. పొలాల్లో ఖాసీ ఆడవాళ్లు వెదురు, ఆకులతో అల్లిన క్నుప్ వేసుకుంటారు. తల నుంచి నడుము కిందిదాకా వీపంతా కప్పుతుంది. చేతులు రెండూ పనికి ఖాళీ. అక్కడి వాగుల మీద బతికున్న చెట్ల వేళ్లతో అల్లిన వంతెనలుంటాయి. వాటి వెనకా వానే ఉంది. ఆ తడికి వెదురు వంతెన కొన్నేళ్లలో కుళ్లిపోతుంది. అందుకని రబ్బరు మర్రి ఊడల్ని వాగు మీదుగా మళ్లించి పెంచారు. వంతెన మనిషి బరువు మోయడానికి పదిహేనేళ్లో ఇంకా ఎక్కువో పడుతుంది. అంటే వేసినవాడు పిల్లల కోసం వేసినట్టే. నొంగ్రియాట్‌లోని రెండంతస్తుల వంతెనకు మూడు వేలకు పైగా మెట్లు దిగాలి, మళ్లీ ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఫొటో చూసి ఊరుకోవడం మేలు.

షిల్లాంగ్‌లో పాత ఇళ్లన్నీ తేలిగ్గా, కర్రతో, రెల్లు గోడలతో, రేకు కప్పుతో ఎందుకున్నాయో కూడా తెలుసుకుని వెళ్లండి. 1897 జూన్ 12 భూకంపానికి రాతి కట్టడాలు నేలమట్టమయ్యాయి. తిరిగి కట్టినవాళ్లు రాయిని నమ్మలేదు.

రోజుల లెక్క చూసుకోండి. 1841లో థామస్ జోన్స్ అనే వేల్స్ పాదిరి చిరపుంజి చేరి ఖాసీకి రోమన్ లిపి కుదిర్చాడు. ఆ మిషన్ ప్రభావం వల్ల ఆదివారం దుకాణాలు చాలావరకు మూసే ఉంటాయి, టాక్సీలూ తక్కువే. సంతలు మాత్రం ఖాసీల పాత లెక్కలో, ఎనిమిది రోజులకోసారి నడుస్తాయి. ఈ వారం సోమవారమైతే తర్వాతిది మంగళవారం. మన క్యాలెండరు పనికిరాదు, చిరపుంజి సంత ఎప్పుడో షిల్లాంగ్‌లో టాక్సీ అతన్ని అడగండి.