మా వరికుంటపాడు మట్టిమిద్దె

ప్రత్యేక సంచికకు మన ప్రాంతపు పాత కట్టడాలను గూర్చి వ్రాయమని సంపాదకులు కోరారు. ఉదయగిరి కోటను గూర్చి వ్రాయగలవారు చాలామంది ఉన్నారు. నాకు బాగా తెలిసింది మా మట్టిమిద్దె.

మెట్ట పల్లెల్లో పుట్టిన సభ్యులకు చెప్పనక్కరలేదు గాని, పిల్లల కోసం చెబుతాను. మిద్దెకు ముందు నిలిచేవి స్తంభాలు. కొయ్య నేలను తాకితే చెదలు పడుతుంది కనుక అడుగున రాయి వేస్తారు. స్తంభం నెత్తిన బోదె, దానిపై దూలం, దూలాలపై అడ్డంగా దంతెలు. వాటిపై కంప పరచి, మట్టి మెత్తి, చివరగా చవుడు పోస్తారు. మా ఇంట్లో బరువంతా కొయ్యదే, గోడ చాటుకు మాత్రమే. ఒక వానకాలం పడమటి గోడ కూలినా మిద్దె కదలలేదు. ఇనుప మేకు ఒక్కటి లేదు. కుసి చెక్కి, బెజ్జంలో దించి, కొయ్య చీల బిగించారు. కలిగినవారు వెలిగొండల ఎర్రచందనం స్తంభాలు నిలిపేవారు. 1882లో మద్రాసు అడవుల చట్టం వచ్చాక అది అంత సులువు కాలేదు.

ఇంగ్లండులో ఉన్న మా బంధువుల పిల్లవాడు ఈ మధ్య అక్కడి పాత ఇంటి ఫోటోలు పంపాడు. చెషైర్ ప్రాంతపు లిటిల్ మోర్టన్ హాల్. దాని తొలి భాగాలు 1504-08 ప్రాంతంలో కట్టినవి. అంటే రాయలు ఉదయగిరిని జయించిన 1514కు కొద్ది ఏళ్ల ముందు. అదీ కొయ్య చట్రమే! ఓక్ స్తంభాలు, అవే కుసులు, అవే కొయ్య చీలలు. ఇటువంటి ఇళ్ల గోడలకు చట్రం నడుమ తడిక అల్లి, మట్టిలో గడ్డి, పేడ కలిపి మెత్తేవారు. మన తడికగోడ కాదా? పైకప్పు మాత్రం వేరు. వారిది రాతిపలకల వాలుకప్పు. ఆ బరువుకు ఇల్లు వంకరలు తిరిగినా నిలిచే ఉంది.

మాది నిలవలేదు. తప్పు నాదే.

చవుడు తడిస్తే మెత్తబడి సందులు పూడుకుంటుంది, ఎండకు మళ్లీ ఆరుతుంది. ఏటా వానలకు ముందు కొత్త చవుడు పోయాలి. ఈ చాకిరీ తప్పుతుందని 1983లో జి.పి.ఎఫ్. అప్పు తీసి మిద్దెపై సిమెంటు చేయించాను. నాయన వద్దన్నారు. "ఒరే అబ్బయ్యా, కొయ్యకు గాలాడదురా" అన్నారు. గుమాస్తా ఉద్యోగం చేసేవాణ్ణి, వింటానా! రెండు వేసవులకు సిమెంటు నెర్రెలు వాసింది. నెర్రెల్లో దిగిన నీరు ఆరే దారిలేక దూలాల చివర్లు కుళ్లాయి. 1990లో నడిమి దూలం కుంగితే విప్పించాము. ఇంగ్లండులోనూ మట్టిగోడలకు సిమెంటు పూసి ఓక్ కొయ్యను కుళ్లబెట్టుకున్నవారున్నారు. ఇప్పుడు సిమెంటు గీకి సున్నం పూస్తున్నారు.

అన్నదమ్ముల పంపకాల కాగితంలో దూలాలు, దంతెలు లెక్కపెట్టి వ్రాసింది నేనే. నా వంతుకు రెండు స్తంభాలు వచ్చాయి. వరండాలో నిలిపాను. ఒకదాని నెత్తిన కుసి ఇంకా అలాగే ఉంది.