శివుడు వద్దన్న పువ్వు

అమ్మమ్మ ట్రంకుపెట్టె మూత తీస్తే చాలు, గదంతా మొగలిపువ్వు వాసన గుప్పుమనేది. పట్టుచీర మడతల్లో ఎప్పుడో పెట్టిన రేకులు ఎండి గోధుమరంగుకు తిరిగినా వాసన పోయేది కాదు. "శివుడికి పెట్టకూడదంటావు, మరి చీరల్లో ఎందుకమ్మమ్మా?" అంటే, "ఆయన వద్దన్నాడు గనకే మనకు మిగిలిందే పిచ్చిదానా!" అని నవ్వేసేది.

ఆ కథ మీకూ తెలిసిందే. శివలింగం కొస చూశానని బ్రహ్మ బొంకితే, అవునని మొగలిపువ్వు సాక్ష్యం చెప్పింది. శివుడికి కోపం వచ్చి, తన పూజకు పనికిరావు పొమ్మన్నాడు.

ఆయన కాదన్నా మనుషులు వదల్లేదు. కాళిదాసు మేఘసందేశంలో దశార్ణదేశపు తోటలకు మొగలిపొదలే కంచెలు. మన పాత తెలుగులో దీన్నే గేదంగి అన్నారు. స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఫోర్స్కాల్ 1763లో యెమెన్‌లో కన్నుమూశాడు. 1775లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఈ మొక్కకు పెట్టిన లాటిన్ పేరుకు అర్థం 'పరిమళాన్నిచ్చేది' అని.

పరిమళం సరే, దాన్ని అందుకోవడమే కష్టం. వాగుల ఒడ్డునా, సముద్రతీరపు ఇసుకలోనూ, చెమ్మ ఉన్నచోట గుబురుగా పెరుగుతుంది. కత్తుల్లాంటి ఆకులకు అంచుల్లోనూ, నడి ఈనె మీదా ముళ్ళే. కాండం నుంచి ఊడలు దిగి నేలను గట్టిగా పట్టుకుంటాయి. ఆడపొద వేరు, మగపొద వేరు. ఆడపొదకు అనాసను పోలిన కాయ కాస్తుంది. ఘుమఘుమలాడే పొత్తి మాత్రం మగపొదదే. రేకులు మడిచి, పూటంతా కూర్చుని జడ కుట్టించుకుని మనం మురిసిపోయే ఆ వాసన మగవారి సొమ్మన్నమాట!

ఇచ్ఛాపురం దాటితే గంజాం జిల్లా. 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా అది మద్రాసు ప్రెసిడెన్సీలోదే. అక్కడ పొలంగట్ల మీద మొగలి పెంచుతారు. వానాకాలంలో పొత్తులు కోసి, రాగి పాత్రల్లో నీళ్ళతో మరిగించి, ఆ ఆవిరిని చందనతైలంలోకి పట్టి అత్తరు తీస్తారు. మిఠాయిల్లో, బిర్యానీలో చల్లే కేవడా నీళ్ళు కూడా ఈ పువ్వువే. అక్కడ ధర పలుకుతోంది గనక పొదకు కాపలా ఉంది.

మరి మన ఊళ్ళలో? అమ్మమ్మగారి ఊళ్ళో కాలువగట్టు మీది పొదను, పాములొస్తాయని ఒక వేసవిలో కొట్టేశారు. నీడా, దాక్కునే చోటూ చూసుకుని పాము వస్తుందిగానీ వాసనకు కాదని ఎవరూ చెప్పలేదు. రెండు వానాకాలాలు తిరక్కుండానే గట్టు కోసుకుపోయింది. ఇన్నాళ్ళూ ఆ గట్టును పట్టుకుని ఉన్నది ఆ ఊడలేనని అప్పుడు తెలిసింది.

శివుడు కాదన్న పువ్వును ఇన్ని తరాలు దాచింది ఆడవాళ్ళ జడలూ, పెట్టెలే. ఇప్పుడు జడ కుట్టేవాళ్ళు తగ్గారు, ట్రంకుపెట్టెలు అటకెక్కాయి. మీ ఊరి వాగుగట్టు మీద ఇంకా ఒక పొద మిగిలి ఉంటే, కత్తి ఎత్తినవాళ్ళకు ఒక్క మాట చెప్పండి. ఒకప్పుడు అది అబద్ధపు సాక్ష్యం చెబితే చెప్పింది. దాని తరఫున మనం నిజం చెబుదాం.