యానాం: ఫ్రెంచివాళ్లు వదిలెళ్లిన గీత

మా హైటెక్ సిటీ ఆఫీసుల్లో గోదావరి జిల్లాల కుర్రాళ్లని యానాం గురించి కదిపి చూడండి. ముందు చవక మందు అంటారు. "ఫ్రెంచి వారసత్వం సంగతేంటి?" అంటే పాత చర్చి ఉందంటారు. నన్నడిగితే ఆ రెండిట్లో మందే అసలు చరిత్రకి దగ్గర. ఎందుకంటారా?

గౌతమీ గోదావరి ఒడ్డున, సముద్రానికి కాస్త ఇవతల ఉంటుంది యానాం. 1723లో ఫ్రెంచివాళ్లు అక్కడ వ్యాపారం మొదలెట్టారు. ఇంగ్లీషువాళ్లు చాలాసార్లు లాక్కున్నారు గానీ, 1814 పారిస్ ఒప్పందంతో ఊరు మళ్లీ ఫ్రెంచివాళ్లకే దక్కింది. గీతకి రెండువైపులా అదే తెలుగు, అదే పులస పులుసు, అవే చుట్టరికాలు. తేడా అల్లా చట్టంలోనే.

ఆ తేడా విలువ 1930లో బయటపడింది. బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం అమల్లోకొచ్చింది. పెళ్లికి ఆడపిల్లకి 14, మగపిల్లాడికి 18 ఏళ్లు నిండాలి. యానాంలో ఆ చట్టం లేదు. ఇంకేం, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకెళ్లి అక్కడ పెళ్లిళ్లు జరిపించారు. ఊరికి కల్యాణపురం అన్న పేరొచ్చింది! వినడానికి ఎంత బాగుందో చూడండి. ఆ పేరు వెనకున్నది బొమ్మలాడుకునే వయసు పిల్లలు.

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విలీనవాదులు యానాంని పట్టుకున్నారు. అదే ఏడాది నవంబర్ 1న పాలన భారత్ చేతికొచ్చింది. సరిగ్గా రెండేళ్లకి, 1956 నవంబర్ 1న, తెలుగువాళ్లందరికీ ఒక రాష్ట్రమని ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. యానాం అందులో లేదు. ఎందుకంటే ఆ ఏడాది మే 28న ఫ్రాన్సుతో చేసుకున్న ఒప్పందం ప్రకారం ఆ ప్రాంతాల ప్రత్యేక హోదా కొనసాగాలి, మార్చాలంటే ముందు అక్కడి జనం ఇష్టం తెలుసుకోవాలి. ఒప్పందం చట్టబద్ధంగా అమల్లోకొచ్చింది 1962 ఆగస్టు 16న.

సర్వర్లు మారినా ఏ మూలో నడుస్తూనే ఉండే పాత కోడ్ లాంటిదన్నమాట. ఇప్పటికీ చుట్టూ ఆంధ్రా, పాలన మాత్రం 800 కిలోమీటర్ల పైన ఉన్న పుదుచ్చేరి నుంచి. మందు రేటు వేరుగా ఉండేది అందుకే.

వారసత్వం అంటే చర్చి, బంగళాలే కాదు. ఆ గీతా వారసత్వమే, దాన్ని దాటించి పెళ్లి చేసిన పిల్లలూ మన చరిత్రే. చర్చికైతే శిలాఫలకం ఉంటుంది, వాళ్లకేముంది? గోదావరి జిల్లాలవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ ముత్తవ్వల పెళ్లి ఎక్కడ జరిగిందో ఇంట్లో పెద్దవాళ్లని ఒకసారి అడగండి. చెప్పేవాళ్లు ఉన్నప్పుడే రాసిపెట్టుకోండి.